సారు గ్లాసులో ఆరు చీటీలు

మా కంప్యూటర్ సారు బుధవారం పొద్దున ప్రొద్దుటూరులో పరమపదించారు. వార్త విని కన్నీరుమున్నీరైనానని రాస్తే అబద్ధం. ఆరేండ్లుగా ఆయనంటే నాకు ఒళ్లుమంట. మనిషి పోయినా మంట పోలేదు.

కారణం ఉండాది. మా ఇండ్లలో జీపుకూ బుల్లెట్టుకూ ట్రాక్టరుకూ ఒకటే నంబరు ఉండాల. అది పరువు. డిగ్రీలో ఫైళ్లకు తాళమేసే ఎన్‌క్రిప్షన్ కీకి పాస్‌ఫ్రేజ్, అంటే దాన్ని తెరిచే రహస్యపు మాట, పెట్టమంటే, మా నాయన పేరూ ఆ నంబరూ పెట్టినా. సారు కిటికీలోంచి నా బండి మీది పేరూ నంబరూ ఒకసారి చూసి, రెండో ప్రయత్నంలో తెరిచేసినాడు. క్లాసంతా ఒకటే నవ్వు.

"పాస్‌ఫ్రేజును బండి వెనక తగిలిచ్చుకొని జమ్మలమడుగు దాకా చూపిస్తా తిరుగుతాండావు గదరా!"

"మా ఇంటి నంబరు సార్ అది. మార్చేది లే."

"దొంగకు మీ పరువుతో ఏం పనిరా?"

ఇది చదువుతా నవ్వుతాండే మీరు కూడా ఒకసారి బయటికి పోయి మీ బండి చూసుకోండి. సిగ్గుండాల.

సారు స్టీలు గ్లాసులో చీటీలేసుకొని తిరిగేవాడు. చీటీకొక మాట. కండ్లు మూసుకొని ఆరు తీయాల, వచ్చిన ఆరూ వరసగా పాస్‌ఫ్రేజుగా పెట్టుకోవాల. ఒకటి మారుస్తానంటే ఒప్పుకోడు. "నీకు నచ్చిందంటే ఇంకొకనికి తడుతుంది" అనేవాడు.

పులివెందులలో గల్ఫుకు పోయేవాళ్ల కాగితాలు చూసే ఆఫీసులో నేను చేరితే, ఆడికీ వచ్చినాడు, గ్లాసుతో సహా. నేను చీటీలు తీసేదాకా కుర్చీ ఇడవలే. తీసినాక తాను గోడ పక్కకు తిరిగి కూర్చొని, నా లాప్‌టాప్‌లో పాత నంబరు తీసేపిచ్చి ఆ ఆరు మాటలూ పెట్టించి, నాతో కంఠస్థం చేయించి, చీటీలు చింపించి పోయినాడు. పీడ వదిలిందనుకున్నా.

పోయిన నెల వేంపల్లె బస్సులో నా లాప్‌టాప్ ఎవడో ఎత్తుకపోయినాడు. దాన్నిండా జనాల పాస్‌పోర్టు కాపీలే. ఖాజీపేట నుంచి ఒకమ్మ పరుగున వచ్చింది.

"మా పిల్లోని కాగితాలు ఎవని పాలైనాయో నాయనా?"

"లాప్‌టాప్ ఒకటే వానికి దక్కింది. కాగితాలు తెరవలేడు లేమ్మా" అన్నా. ఆయమ్మ కూలబడి చెంబెడు నీళ్లు తాగింది.

అది సారుకు చెప్పాల్సింది. చెప్తే గెలిచినట్టు నవ్వుతాడని, నెల రోజులు ఫోన్ చేయలేదు.

గురువారం పోయేసరికి ఐస్ బాక్సులో ఉన్నాడు. వంగి, "మార్చింది నిలబడింది సార్" అన్నా. ఉట్టి మాట నమ్మే మనిషి కాదు, రుజువు అడిగే రకం. ఆరు మాటలూ గొంతు దాకా వచ్చినాయి. చుట్టూ జనం. మింగేసినా.

గాజు మీద నా ఊపిరి ఆవిరి కట్టింది. ఆయన మొగం కాసేపు కనపడలేదు.