జెలీ ఆరేసిన దుప్పట్లు

సేన్ నది ఒడ్డున ఆ ఊళ్లో బట్టలుతికే ఆడవాళ్లకు కొదవ లేదు. కానీ తెలుపు మాటెత్తితే ముందు జెలీ పేరే చెప్పేవారు. ఆ పని తల్లి దగ్గర నేర్చుకుంది. బట్టలు బూడిద నీళ్లలో ఉడికించి, రేవులో చెక్కతో బాది, ఆఖరి జాడింపులో రెండు చుక్కలు నీలిమందు కలిపి, పచ్చికలో పరిచేది. మిగతా పని ఎండా, గడ్డి మీది మంచూ చూసుకునేవి. నెలల పిల్లవాణ్ణి బుట్టలో పెట్టి చెట్ల నీడన పడుకోబెట్టేది. మధ్యమధ్య పరుగెత్తుకెళ్లి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఆ వేసవిలో తిబూ అనే చిత్రకారుడు మదామ్ ఓబ్రీ సత్రంలో దిగాడు. రోజూ పొద్దున్నే పచ్చికలో గొడుగు పాతి, జెలీ ఆరేసిన దుప్పట్ల బొమ్మ గీసేవాడు. పూర్తయ్యాక దాన్ని సత్రం భోజనాల గదిలో తగిలించాడు.

మర్నాడు రేవులో, పక్కనే బట్టలుతికే లియోనీ చెక్క ఆపకుండానే అంది: "అక్కా, సత్రంలో నీ దుప్పట్లు చూశావా? అన్నీ నీలమే. నీలిమందు సీసా మొత్తం ఒంపేసిందని నవ్వుకుంటున్నారు."

"ఎవరు?"

"అందరూను. నేను కాస్త తక్కువ నవ్వాలే."

జెలీ చేతులు ఆగిపోయాయి. పసుపు రంగుకు తిరిగిన బట్టను కప్పిపుచ్చేవాళ్లే నీలిమందు గుమ్మరిస్తారని రేవులో అందరికీ తెలుసు. ఆమె బతుకంతా సత్రం దుప్పట్ల మీదే. పైగా సోమవారం నుంచి బట్టలు లియోనీకి వేస్తానని మదామ్ ఓబ్రీ అప్పుడే ఎవరితోనో అందట.

పిల్లాణ్ణి చంకనేసుకుని సత్రానికి వెళ్లింది. బొమ్మ నిజంగానే అలా ఉంది. దుప్పట్ల మడతల్లో నీలం, ఊదా. అంచున వెన్న రంగు. బుట్టలో పిల్లాడి ముఖమైతే లేత ఆకుపచ్చ.

"నా పొట్ట కొట్టారు మొస్యే," అంది అక్కడే కూర్చున్న తిబూతో.

"అది నీలిమందు కాదమ్మా, నీడ."

"నీడ బూడిదరంగులో ఉంటుంది. ఎవర్నైనా అడగండి."

"రేపు పొద్దున దుప్పట్లనే అడుగుదాం," అన్నాడు తిబూ.

తెల్లవారి ఎండ ఎక్కగానే జెలీ తన చేతి పనిలో మేలైన దుప్పట్లు ఏరి పచ్చికలో పరిచింది. మదామ్ ఓబ్రీ వచ్చింది. ఎవరూ పిలవకపోయినా లియోనీ కూడా వచ్చింది. తిబూ బొమ్మను పక్కనే నిలబెట్టాడు. ఆయన అబద్ధం పట్టుకుందామని జెలీ వంగి చూసింది. మడతల్లో నీలం. చెట్టు నీడ పడ్డచోట ఊదా. కళ్లు నులుముకుంది. అయినా నీలమే.

"చూశావుగా, మందు ఎక్కువైంది," అంది మదామ్ ఓబ్రీ.

అంతలో బుట్టలో పిల్లాడు కదిలాడు. అలవాటుగా అటు చూసింది. ఆకుల నీడలో వాడి ముఖం లేత ఆకుపచ్చగా ఉంది. రోజూ చూసే పచ్చే. కంగారుపడి ఎండలోకి ఎత్తుకొస్తే చాలు, గులాబీ రంగుకు తిరిగేవాడు. వాడికి ఎవరూ నీలిమందు పెట్టలేదు కదా.

"మదామ్, ఒక్కసారి ఇలా ఎండకి వీపు పెట్టి నిలబడండి."

మదామ్ ఓబ్రీ తిరిగి నిలబడింది. నడుముకు కట్టిన ఆవిడ తెల్ల ఏప్రన్ నీడలో పడి నీలంగా మారింది.

లియోనీ ఉండబట్టలేకపోయింది. "ఇదెవరు ఉతికారు మదామ్? సీసా మొత్తం ఒంపేశారే."

ఏప్రన్ ఉతికింది మదామ్ ఓబ్రీయే. కాసేపు దాన్నీ, దుప్పట్లనీ, బొమ్మనీ మార్చి మార్చి చూసింది. చివరికి ఆవిడ పెదవుల మీదా నవ్వు కదిలింది.

"సోమవారం బండి నీ ఇంటికే వస్తుంది జెలీ. ఇక ఆ నీలం గొడవ వదిలెయ్యండి."

వాళ్లు వెళ్లాక జెలీ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"ఇంకా ఏమైనా తప్పుందా?" అడిగాడు తిబూ.

"తప్పు కాదు మొస్యే. మావాణ్ణి మాత్రం కాస్త ఎండలోకి జరపండి. అలా పచ్చగా చూడలేను."

తిబూ కుంచె తీసి, పిల్లాడి బుగ్గ మీద చిన్న గులాబీ చుక్క పెట్టాడు.

ఆనాటి నుంచి జెలీ దుప్పటి తీసి మడతపెట్టే ముందు ఒక క్షణం ఆగి దాని మీది నీడ చూసేది. "ఇవాళ ఊదా," అనేది బుట్టలోని వాడితో.