కారులో నారకట్ట

విజయనగరం గోగునార వర్తకుడు నగరేశ్వరరావు పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో కొత్త అంబాసిడరు కొని, దానిమీద కట్టిన అమ్మకం పన్నుని వ్యాపారం ఖర్చులో చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకున్నాడు. కారు వ్యాపారానికేనన్న ఆ రాతని నిజం చెయ్యడానికి, బండి గుమ్మం దాటితే చాలు, వెనక సీట్లో ఒక నారకట్ట పడేస్తాడు. పెళ్లికెళ్లినా అంతే, అరసవల్లి దర్శనానికెళ్లినా అంతే. ఎక్కేముందు వేలు నాలిక్కి అద్దుకుని చిట్టా తిప్పి, సరుకు ఏ ఊరికో రాస్తాడు. ఆ వేసంగిలో తల్లికి ఊపిరాడకపోతే విశాఖపట్నం ఆసుపత్రికి బయల్దేరదీశాడు. ఆవిడ వెనక సీట్లో పడుకుంది గనక కట్ట ఆవిడ మీదే పెట్టాడు.

"ఏటిరా ఇది, గుచ్చుకుంటన్నాది," అందావిడ.

"ఓర్సుకోవే అమ్మా. కాగితం మీద ఎల్తన్నది నారే, నువ్వు కాదు."

మర్నాడు ఆవిడ శవంతోపాటు ఆ కట్టా తిరిగొచ్చింది. నగరేశ్వరరావు భోరున ఏడ్చాడు. ఆ కన్నీళ్లతోనే వేలు తడుపుకుని, చిట్టా తిప్పి రాశాడు: సరుకు అమ్ముడుపోలేదు, వాపసు.