అలివి వలలో నా వంతు

నా చిన్నప్పుడు, పదిహేనేళ్లవాణ్ణి చిన్నవాడనడానికి మీకు అభ్యంతరం లేకపోతే, మా ఇంట్లోవాళ్లు సముద్రపు ఒడ్డుకు పోయేవారు కాదు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. జువ్వలదిన్నెకు దాపునే మా ఊరు. పొలాలు మా తాతయ్య కాలంలోనే చేతులు మారాయి. మిగిలినవి పెంకులు జారిన ఇల్లు, ఆయన జరీ కండువా, ఎవరి ముందూ చెయ్యి చాపకూడదన్న మా నాయనమ్మ శాసనం. నాయనమ్మ వద్దన్న పనులు చేయడమే ఆ ఏడు నా పని.

ఒడ్డున అలివి వల లాగేవారు. పడవవాళ్లు వలను సముద్రంలో చుట్టుగా వదిలి వస్తే, రెండు కొసల తాళ్లనూ ఇరవై ముప్పై మంది ఇసుకలో నిలబడి ఒడ్డుకు లాగుతారు. ఆ వలకు పెద్ద ఒక ముసలాయన. ఆయన మనవరాలు చేపలు ఏరేది. ఆ అమ్మాయి కోసం నేను నెల రోజులు ఇసుక తిన్నె మీద నిలబడ్డాను. ఆమె ఒక్కసారీ తల ఎత్తలేదు. ఊరికే నిలబడినవాణ్ణి చూడదు, లాగేవాణ్ణి చూస్తుందని తేల్చుకుని, ఒక ఉదయం జరీ కండువా భుజాన వేసుకుని పోయి తాడు పట్టుకున్నాను.

ఎవరూ వద్దనలేదు. తాడు లాగేవాళ్లు ఒళ్లు వాల్చి వెనక్కి నడుస్తారు. మా వంశంలో నడుము వంచే అలవాటు లేదు. నిటారుగా నిలబడి చేతులతోనే లాగాను. అరచేతులు బొబ్బలెక్కాయి. రెండుసార్లు వెల్లకిలా పడ్డాను. అప్పుడు ఆ అమ్మాయి తల ఎత్తింది.

“తాతా, ఆ అబ్బయ్య తాడు లాగడంలా, పట్టుకోని ఏలాడతా ఉండాడు.”

నవ్వనివాడు లేడు.

వల ఒడ్డెక్కాక చేపలను కుప్పలుగా పోశారు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ వంతు ఉంటుంది, అది అక్కడి కట్టుబాటు. ముసలాయన ఒక చిన్న కుప్పను నా ముందుకు తోశాడు. మా ఇంట్లో ఇవ్వడమే గాని తీసుకోవడం లేదని గట్టిగానే చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు తిరిగారు. ఆయన మాత్రం కోపగించుకోలేదు.

“ఒంతు వద్దంటే నువ్వు తాడు లాగనట్టే, చిన్నయ్యా. లాగేదానికి గాకపోతే ఎందుకొచ్చినావో చెప్పు మరి. అందరూ ఇంటారు.”

ఆ నెల రోజుల సంగతీ ఆయనకు తెలుసునని అప్పుడు అర్థమైంది. నిజం చెబితే ఆ అమ్మాయి పేరు ఊళ్లో నలుగురి నోళ్లలో పడుతుంది, మా నాయనమ్మ తల దించుకుంటుంది. వంతు తీసుకుంటే నేను కూలికి వచ్చినవాణ్ణి, అంతే. కండువా తీసి ఇసుక మీద పరిచాను. చేపలు ఆ అమ్మాయే పోసింది.

“కవళ్లు. ముళ్లుంటాయి, నిదానంగా తిను.”

ఆమె నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే. మరుసటి ఏడు పెళ్లయి వెళ్లిపోయింది.

జరీ అంచు నుంచి నీళ్లు కారుతున్న ఆ మూటను నడివీధిలో మోసుకుంటూ ఇంటికి వచ్చాను. ఎక్కడివని నాయనమ్మ అడిగింది. వల లాగినందుకు నా వంతు అన్నాను. తిట్లు తప్పవనుకున్నాను. ఆమె నా అరచేతులు తిప్పి చూసింది. మామిడికాయ వేసి పులుసు కాచింది. ఆ పూట ఇంట్లో పెద్దవాళ్ల కంటే ముందు నాకు వడ్డించింది.

నా నడుము ఇప్పటికీ అంత తేలిగ్గా వంగదు. అయితే ఎక్కడికైనా బయలుదేరే ముందు, ఎందుకొచ్చావని పదిమందిలో అడిగితే చెప్పగలనా అని ఒకసారి చూసుకుంటాను. చెప్పలేనంటే పోను. పోయి ఒక చెయ్యి వేశానంటే మాత్రం, ఇచ్చిన వంతును రెండు చేతులూ చాపి తీసుకుంటాను.