పాశమైలారం వెళ్లిన డాక్టరమ్మ

జీవులకు ప్రాణమిచ్చి, కంటికి కనిపించని కిరణంలో సైతం కరుణను నింపిన శ్రీమన్నారాయణునికి జయము! ఇచ్చినవాడూ తీసుకునేవాడూ ఆయనేనని మా బీరంగూడ సత్సంగంలో ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాం. మొన్న ఏకాదశి ఉదయం డాక్టర్ వసుంధరమ్మ గుండెపోటుతో పరమపదించారని ఫోన్ వచ్చినప్పుడు మాత్రం ఆ మాట నా నోట రాలేదు. ముందురోజు సాయంత్రమే నేను పారాయణ చదివిస్తుంటే వెనక కూర్చుని, "మీరు మరీ పరిగెడుతున్నారండీ, పెద్దవాళ్లు అందుకోలేకపోతున్నారు" అని మందలించారు.

ఆమె తండ్రి గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె పట్నంలోని ఒక ఆసుపత్రిలో పిల్లలకు రేడియేషన్ చికిత్స చేసేవారు. కండల్లోనూ, ఎముకల చుట్టూ ఉండే మెత్తని భాగాల్లోనూ పుట్టే క్యాన్సర్లకు వైద్యం చేయడమే ఆమె జీవితం. ఒకసారి సత్సంగంలో ఒకాయన లేచి, "పసిపిల్లలకు ఈ జబ్బు దేవుడెందుకిస్తాడమ్మా?" అని అడిగారు. "నాకు తెలియదండీ. పిల్ల బల్ల మీద పడుకుంటే నాకు ఆ పనే కనిపిస్తుంది. ఆయన్ని మీరే అడిగి నాకు చెప్పండి" అన్నారామె. అడిగినాయన కూడా నవ్వారు.

మా కంపెనీలో పనిచేసే పాశమైలారం మల్లేశం కూతురు అక్షితకు పిక్కలో గడ్డ లేచింది. ఆపరేషనయ్యాక రేడియేషన్ మొదలుపెట్టారు. ఆ గదిలోకి తల్లిని కూడా రానివ్వరు. పిల్ల ఒక్కతే పడుకోవాలి, కాలు కదపకూడదు. "నోరు మాత్రం ఎంతైనా కదుపు తల్లీ" అని వసుంధరమ్మ బయటినుంచి మైకులో "గోవిందా" అనేవారు. లోపలినుంచి అక్షిత "గోవిందా" అనేది.

"డాక్టరమ్మా, గిన్నిసార్లు పిలిస్తే దేవునికి యాష్ట రాదా?" అని ఒకరోజు అడిగిందట.

"నీకు విసుగొస్తదేమోగానీ ఆయనకు రాదు. పిలువు!"

ఇంతలో బోనాలు వచ్చాయి. నానమ్మ లచ్చవ్వ మనవరాలికి సున్నిపిండితో ఒళ్లంతా రుద్ది, తలంటి, మోకాళ్లదాకా పసుపు పూసింది. కిరణం ఎక్కడ పడాలో చూపేందుకు పిక్క మీద గీసిన గుర్తులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. డాక్టర్ తిడుతుందన్న భయంతో మర్నాడు ఎవరూ ఆసుపత్రికి వెళ్లలేదు. దానికితోడు, ఆ మిషన్‌తో కాలు మాడిపోతుందని వాడకట్టులో ఎవరో చెప్పారు. ఇక చాలంది లచ్చవ్వ. మల్లేశం నా దగ్గరికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. విషయం చెప్పగానే వసుంధరమ్మ, "కారు తీయండి" అన్నారు.

"తిట్టనీకొచ్చినవా బిడ్డా?" అంది లచ్చవ్వ గడపలోనే.

"పసుపు మస్తుగ పట్టించినవ్ అవ్వా! నా గీత ఒక్కటి మిగల్లే."

"పండుగపూట ఆడపిల్ల కాళ్లు వట్టిగ ఉంటయా? ఇగ పిల్లను కాల్చకుండ్రి. పోచమ్మ సల్లగ సూస్తది."

వసుంధరమ్మ ఆమె పక్కనే నేల మీద చతికిలబడ్డారు. "అవ్వా, బోనమెత్తినంక మెడ నొస్తదని నడిబాటల దించుతవా?"

"ఎట్ల దించుత? గుడికాడనే దించుత."

"ఇది గూడ గంతే. సగంల ఆపితే జబ్బు మళ్ల లేస్తది. కాలు పోవచ్చు, పిల్లే పోవచ్చు. తోలు ఎర్రగైతది, నేను సూసుకుంట. గీతలు మళ్ల గీస్త. పొద్దుగాల తోల్కరా."

"మరి పసుపో?" అంది లచ్చవ్వ.

"ఆ కాలికి పెట్టుకో. మందు అయ్యేదాక ఈ కాలు నాది."

"గట్లయితే నీ కాళ్లు సాపు. ముత్తయిదువవు, వట్టి కాళ్లతోటి ఎట్ల పంపుత?"

మర్నాడు వసుంధరమ్మ ఆ పసుపు పాదాలతోనే ఆసుపత్రికి వెళ్లారు. లచ్చవ్వే పిల్లను తీసుకొచ్చింది; కొన్నాళ్లకు అక్షిత చికిత్స పూర్తయింది. ఇప్పుడు బడికి పోతోంది, పరీక్షలకు మాత్రం ఆసుపత్రికి వచ్చిపోతోంది.

వసుంధరమ్మ దశదిన కర్మనాడు అక్షిత అందరికంటే ముందు ఆటో దిగి ఇంట్లోకి పరిగెత్తింది. పటం ముందు దండం పెట్టి వచ్చిన లచ్చవ్వ, "డాక్టర్లు మస్తుమంది ఉంటరు సారూ. మా ఇంట్ల కింద కూసునేటామె ఇగ దొరకది" అంది.

వసుంధరమ్మ స్వామి పాదాలు చేరారు. ఇందులో నాకు అణువంత సందేహం లేదు. లోటంతా మనకే. చికిత్స సగంలో భయపడి పిల్లను ఇంటికి తీసుకుపోయిన తల్లిదండ్రులు ఈ రోజు కూడా ఎక్కడో ఉంటారు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం చేతులు జోడించి నాతోపాటు అనండి: "స్వామీ, ఆ ఇంటికి ఒక మనిషిని పంపు. ఆ బిడ్డను మళ్లీ ఆసుపత్రికి చేర్చు."