బ్యాటరీలకు బొట్టు

దేవుడికి పూజ చేసి ఇసుక బకెట్లు తెప్పించుకున్నవాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ మహానుభావుణ్ని నేనే. ఈ కథ చెప్పీ చెప్పీ నా దవడలు అరిగిపోయాయి. పెళ్లిళ్లలో అడుగుతారు. చావు ఇళ్లలో కూడా, ఏడుపులు కాస్త తగ్గగానే, ఎవరో ఒకరు పక్కకు జరిగి, "అన్నా, గా బ్యాటరీల ముచ్చట జెప్పవా" అంటారు. తప్పు నాది, నవ్వు వాళ్లది, ఆయాసం మళ్లీ నాదే. సరే, కూర్చోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది మేడ్చల్. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో కుదిరాను. అక్కడి నుంచి టీకా మందులు మంచుపెట్టెల్లో ఊళ్లూ దేశాలూ దాటి పోయేవి. దారిలో పెట్టె ఎంత వేడెక్కిందో కనిపెట్టి ఉండే చిన్న యంత్రం ఒకటి ప్రతి పెట్టెలో ఉండేది. ఆ యంత్రం నడిచేది లిథియం బ్యాటరీతో. వాటిని భద్రంగా దాచడం, మార్చుకోవడానికి కొన్నింటిని విడిగా ప్యాక్ చేసి విమానానికి పంపడం నా పని.

చేరిన రోజే సేఫ్టీ మేడం నన్ను నిలబెట్టి పాఠం చెప్పింది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు కంపెనీలో ఎవరూ లేరు.

"ఒక్కో బ్యాటరీ ఒక్కో కవర్‌లో ఉండాలె. రెండు కొసలకూ టేపు వెయ్యాలె. ఇనుము, ఇత్తడి దగ్గరికి రానియ్యొద్దు. తడి తగలొద్దు, వేడి తగలొద్దు. డబ్బా మీద హెచ్చరిక లేబుల్ లేకపోతే విమానం వాళ్లు ముట్టుకోరు. అర్థమైందా?"

"అర్థమైంది మేడం" అన్నాను. లోపల మాత్రం, వేలెడంత బ్యాటరీకి బాలింతకు చేసినన్ని సేవలా అనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ఉద్యోగి పొద్దు సంగతి సరే, నిప్పునూ ఎరగడు.

అప్పటికి నా ఉద్యోగం ఇంకా గాలిలో దీపమే. దసరా దాటాక పర్మనెంట్ చేస్తారో, ఇంటికి పొమ్మంటారో తేలాలి. మా నాయిన ముందే తీర్పు చెప్పేశాడు: "పర్మనెంట్ గాకపోతే ఇగ మామతోటి ప్లాట్లకాడ నిలబడు." మా మామ శామీర్‌పేట రోడ్డు పక్కన జెండాలు పాతి ప్లాట్లు అమ్మేవాడు. చెట్టన్నది లేని బయలులో పొద్దంతా నిలబడి, "గీడ బస్టాండొస్తది, గాడ బడొస్తది" అని వచ్చినవాళ్లకు చూపించాలి. అబద్ధాలకు నాకు అభ్యంతరం లేదు. ఎండ మాత్రం నా ఒంటికి పడదు. అందుకని ఎలాగైనా సారు కంట్లో పడాలి. సారంటే మా కంపెనీ యజమాని.

అవకాశం దసరా ముందురోజు వచ్చింది. ఆ రోజు కంపెనీలో ఎవరి పనిముట్లకు వాళ్లు పూజ చేసుకోవాలి. సారు ఒక్కో సెక్షన్‌కు వచ్చి కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు పనిముట్ల మీద చల్లి, దండం పెట్టి పోతాడు. బాయిలర్ వాళ్లకు బాయిలర్ ఉంది. ల్యాబ్ వాళ్లకు మైక్రోస్కోపులున్నాయి. మా స్టోర్స్‌లో ఏముంది? ఒక బల్ల, ఒక నిచ్చెన. నిచ్చెనకు బొట్టు పెట్టి పర్మనెంట్ అయినవాడు లోకంలో ఉన్నాడా? అప్పుడు నా దృష్టి బ్యాటరీల అల్మారా మీద పడింది. పడకపోతే ఎంత బాగుండేది!

ఇంటి నుంచి అవ్వ పూజ పళ్లెం తెచ్చాను. మంచి బరువైన ఇత్తడి పళ్లెం. సాయంత్రం విమానానికి పోవలసిన బ్యాటరీలను ముందేసుకుని కవర్లు విప్పుతుంటే వ్యాను డ్రైవర్ ఖాజా భాయ్ వచ్చాడు.

"ఏంది భయ్, కవర్లెందుకు ఇప్పుతున్నవ్?"

"బొట్టు బ్యాటరీకి పెట్టాల్నా, ప్లాస్టిక్‌కు పెట్టాల్నా?"

ఖాజా భాయ్ ఆలోచనలో పడ్డాడు. దసరా వస్తే వ్యాను టైర్ల కింద నిమ్మకాయలు తన చేత్తోనే పెట్టుకునే మనిషి. "గదీ నిజమే" అన్నాడు. "మరి టేపెందుకు తీస్తున్నవ్?"

"టేపుంటే నల్లగ, అసుద్దంగ కొడ్తాంది. పూజ అయినంక మల్ల ఏస్త."

"మేడం?"

"మీటింగుల ఉన్నది."

"అయితే జల్దీ కానియ్. సాయంత్రం ఏర్‌పోర్టుకు మాల్ పోవాలె."

ఆ బ్యాటరీలకు రెండు కొసలా మీసాల్లాంటి తీగలు ఉండేవి. ఆ తీగలను ముద్దుగా సవరించి, ఇత్తడి పళ్లెంలో వరుసగా పడుకోబెట్టాను. పసుపు తడిపి రాశాను. కుంకుమ తడిపి బొట్లు పెట్టాను. బంతిపూలు చుట్టాను. మేడం చెప్పిన నియమాల్లో ఒక్కటి కూడా మిగల్చకుండా తప్పాను చూడండి, అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేసి ఎరగను. పళ్లెం పట్టుకుంటే వేడిగా తగిలింది. దీపం వేడి అనుకున్నాను. దీపం ఇంకా వెలిగించనే లేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

సారు వచ్చేసరికి పళ్లెం నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఆయన కొబ్బరికాయ కొట్టి, నీళ్లున్న చిప్ప చేతిలో ఉండగానే కళ్లు మూసుకుని మూడుసార్లు దండం పెట్టాడు.

"సాంబ్రాణి ఘాటుగున్నది. ఏడ తెచ్చినవ్?"

నేనసలు సాంబ్రాణి వెయ్యలేదు. కానీ పర్మనెంట్ కావలసినవాడు సారు మాట కాదంటాడా? "మేడ్చల్ బజార్ల సార్" అన్నాను.

ఫట్! పళ్లెంలోంచి ఒక బంతిపువ్వు ఎగిరి సారు చొక్కా మీద పడింది.

"టపాసులు గూడ పెట్టినవా?" అన్నాడు ఖాజా భాయ్ వెనక్కి జరుగుతూ. "దీపావళి ఇంక రాలె గద భయ్!"

ఫట్! ఫట్! ఈసారి మంట కూడా లేచింది. సారు కంగారుపడి, చేతిలో అప్పుడే కొట్టిన కొబ్బరికాయ ఉంది కదా, ఆ నీళ్లు మొత్తం పళ్లెంలో గుమ్మరించాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. బ్యాటరీ మీద కొబ్బరినీళ్లు అంతకన్నా గొప్ప మాట. బుస్సుమని పొగ కప్పు దాకా లేచింది. దగ్గుతుంటే ఆ పొగలో ఎవరి మొహం ఎవరికీ కనిపించలేదు.

"బయటికి! అందరూ బయటికి!" అది మేడం గొంతు. ఇంకెవరి గొంతు విన్నా నాకు అంత భయమూ అంత ప్రాణమూ కలిసి రాలేదు. ఆవిడ మొహానికి మాస్కు కట్టుకుని, పొడి ఇసుక బకెట్లు ఒకదాని వెంట ఒకటి తెప్పించి, పొడుగు కర్ర పారతో ఇసుక విసిరి పళ్లేన్ని సమాధి చేసింది. అల్మారాలోని సరుకు దక్కింది. మనుషులకేమీ కాలేదు. సాయంత్రం పోవలసిన మాల్ మాత్రం పోలేదు. వ్యాను కింద నిమ్మకాయలు నలగకుండా అలాగే ఉండిపోయాయి.

గంట తర్వాత సారు గదిలో నా విచారణ. కళ్ల ముందు శామీర్‌పేట ఎండ, జెండాలు, మా మామ.

"ఈ పని చేసినవాళ్లను కంపెనీలో ఉంచకూడదు సార్" అంది మేడం.

"అవ్, తీసెయ్యాలె" అన్నాడు సారు బల్ల గుద్ది. "బాధ్యత లేనోళ్లు! ఒక్కన్ని గూడ ఉంచొద్దు."

"కవర్లు విప్పింది ఇతను. టేపు పీకింది ఇతను. ఇత్తడి పళ్లెం తెచ్చింది ఇతను." మేడం ఊపిరి తీసుకుంది. "మరి మంట మీద కొబ్బరినీళ్లు పోసింది ఎవరు సార్?"

నేను పైకి, ఫ్యాను వైపు చూశాను. సారు కిందికి చూశాడు.

గుమ్మం దగ్గరి నుంచి ఖాజా భాయ్ సాయం చేయబోయాడు. "దండం గూడ పెట్టిండ్రు మేడం. మూడుసార్లు."

సారు చొక్కా మీది పసుపు మరకను చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత తేనె లాంటి గొంతుతో, "పిలగాడు కొత్తోడు గదమ్మా" అన్నాడు. "గంత కఠినమెందుకు?"

దసరా దాటగానే నేను పర్మనెంట్ అయ్యాను. మేడం మాత్రం ఒక్క షరతు పెట్టింది. దాని ప్రకారం మర్నాడే మొదలైన బ్యాటరీ భద్రత క్లాసులో ముందు బెంచీ మీద నేనూ సారూ పక్కపక్కన కూర్చున్నాం. నేను రాసింది చూసి ఆయన రాసుకున్నాడు.

కాబట్టి పెద్దలారా, కాలిన ఆ ఇత్తడి పళ్లెం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బ్యాటరీకీ బొట్టు పెట్టను, పువ్వు పెట్టను, పసుపు పూయను. భక్తి మరీ పొంగుకొస్తే దూరం నుంచి, కవర్ మీద నుంచే, టేపు ముట్టకుండా ఒక దండం పెట్టుకుంటాను. ఆ సమయానికి చుట్టుపక్కల కొబ్బరికాయతో ఎవరైనా ఉంటే, వాళ్లు యజమానులైనా సరే, ముందు బయటికి పంపిస్తాను.