చిన్నమ్మ మెడలో అవ్వ

నా నాలుక మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నా ఒట్టుకు సిద్దిపేటలో కప్పు చాయ్ కూడా రాదని తెలుసు. చెరువులో ఎద్దంత చేపను పట్టానని చెప్పిన నోరే ఇది. అయినా ఈసారికి నమ్మండి.

అవ్వ, అంటే నన్ను కన్న అమ్మ, పోయేనాటికి నాకు ఊహ తెలియదు. ఇంట్లో ఆమె ఫోటో లేదు. మగ్గం నేసే బాపు మళ్ళీ పెళ్ళి చేసుకుని చిన్నమ్మను తెచ్చాడు. మా వైపు రెండో భార్య మెడలో, పోయిన మొదటి భార్య పేర చిన్న వెండి బిళ్ళ కడతారు. సవతి పుస్తె అంటారు. దాని మీద ఒక ఆడమనిషి ముఖం. ముక్కుపుడక, బుగ్గన సొట్ట.

"మీ అవ్వ గండ్లనే ఉన్నది బిడ్డా" అంది నాయినమ్మ, బిళ్ళను చూపించి.

ఇంకేం! చిన్నమ్మ రొట్టెలు చేస్తున్నా, మగ్గానికి నూలు కండెలు చుడుతున్నా వెళ్ళి మెడకు వేలాడేవాణ్ణి. బడిలో తిన్న దెబ్బలన్నీ బిళ్ళకు చెప్పుకునేవాణ్ణి.

"ఏందిరా, ఊపిరాడనిస్తలేవు! నేనంటె గంత పావురమా?" అని నవ్వేది.

ఆ ప్రేమంతా తన మీదేనన్నట్టు తల ఊపేవాణ్ణి.

పెద్దయ్యాక ఆ ముక్కుపుడక మీద, ఆ సొట్ట మీద కవిత రాశాను. ఊళ్ళో కవులు కూడినచోట చదివితే అందరూ కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో చిన్నమ్మ కూడా.

నిరుడు తలనొప్పి అంటే ఆమెను దవాఖానకు తీసుకెళ్ళాను. స్కానింగ్‌కు ముందు ఒంటి మీద నగలు తీయమన్నారు. బాపు ఉండగా పుస్తెలతాడు తీయనని మొండికేసి, చివరికి బిళ్ళతో సహా తీసి నా చేతిలో పెట్టింది.

"ఇగ చూస్కో మీ అవ్వను, కడుపునిండ. చిన్నప్పుడు నువ్వు ఏలాడింది దీనికోసమేనని నాకెర్క లేదా?"

"అట్ల కాదు చిన్నమ్మా..." అన్నాను. చేతిలోని బిళ్ళను చూసి తలెత్తాను. స్ట్రెచర్ లోపలికి పోయింది. అక్కడే చిన్నమ్మకు స్పృహ తప్పింది. తర్వాత ఎన్ని రోజులు పిలిచినా పలకలేదు. పలకకుండానే పోయింది.

చేప సంగతి వదిలేయండి. ఇందులో నేను కల్పించింది బిళ్ళ మీది ముఖం. అక్కడ ఏమీ లేదు, ఉత్త వెండి. ఆ ముక్కుపుడక, ఆ సొట్ట చిన్నమ్మవి. బిళ్ళతో మాట్లాడి తలెత్తినప్పుడల్లా కనబడింది ఆమే.

అది నాకు తట్టేసరికి స్కానింగ్ గది తలుపు మూసేశారు.