కందిపప్పు ఏందని అడిగిన తాండూరు పిల్ల

మా చిన్ని ఒకటో తరగతిలో ఉన్నప్పటి సంగతి. చేతిలో ఫోన్ పెడితేనే నోరు తెరిచేది. అది వీడియో చూస్తుంటే నేను ముద్దలు పెట్టేదాన్ని. బడిలో ఫోన్ ఉండదు కాబట్టి టిఫిన్ డబ్బా ముట్టేది కాదు. మధ్యాహ్నం పాఠం వినకుండా నిద్రపోతోందని టీచరు చెబుతూనే ఉండేది.

ఒకసారి బొంరాస్‌పేటలో మా అక్క వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. బంతిలో కూర్చునేసరికి ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. చిన్ని మొదటిసారి విస్తరిలోకి వంగి చూసింది.

"అమ్మా, గీ పసుపు రంగుది ఏంది?" అని గట్టిగా అడిగింది.

"కందిపప్పు బిడ్డా. రోజూ తింటవు గద."

"నేనా? ఎప్పుడు తిన్న?"

అందరూ గొల్లున నవ్వారు. "కందులకు పేరువడ్డ తాండూరుల ఉండుకుంట కందిపప్పు ఎరుకలేదా?" అంది మా మేనత్త. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

చిన్నికి ఆ నవ్వులేవీ పట్టలేదు. పప్పులో వేలు ముంచి నాకింది. "మస్తుందమ్మా" అంటూ ఒక్కో కూర పేరడిగి, తనే కలుపుకుని, మోచేతిదాకా పూసుకుని తినేసింది.

సోమవారం బడి నుంచి వస్తూనే ఖాళీ డబ్బా నా ముందు పెట్టింది. "టీచర్ ఇయ్యాల కథ చెప్పింది. మొత్తం విన్న. నీకు చెప్పాల్నా?"

ఇన్నాళ్లూ దాని కడుపు నింపుతున్నాననే అనుకున్నాను. అన్నం ఎలా ఉంటుందో మాత్రం చూడనివ్వలేదు.